కీ గ్రామఫోను: మోటారు మరమ్మతు, దాని వెనుక ఉన్న విజ్ఞానం

తెలుగునాట చాలా పల్లెలకు కరెంటు కంటె ముందు గ్రామఫోను వచ్చింది. తీగ అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. పెట్టె పక్కనున్న పిడిని పట్టుకొని కొన్ని పదులసార్లు తిప్పితే చాలు, కపిలవాయి రామనాథశాస్త్రి పద్యమో, స్థానం నరసింహారావు పాటో, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలో మూడు నిమిషాల సేపు ఇల్లంతా నిండేది. ఆ మూడు నిమిషాలకు కావలసిన శక్తి అంతా తిప్పిన చేతిలోనిదే. ఆ శక్తిని దాచిపెట్టి, సమంగా, తొందరపడకుండా, ఆలసించకుండా ఖర్చు పెట్టేది పెట్టె అడుగున కనిపించకుండా పని చేసే మోటారు.

ఇప్పుడు విదేశాలలో స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాల ఇళ్ళలో తాతగారి నాటి గ్రామఫోను పెట్టె ఒకటి అలంకారంగా నిలిచి ఉంటుంది. పిల్లలు పిడి తిప్పుతారు. పళ్ళెం కదలదు, లేదా రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. పాడైపోయిందని పెద్దలు మూత వేస్తారు. నిజానికి అటువంటి పెట్టెలలో చాలావాటికి ప్రాణం పోలేదు. గ్రీజు ఎండింది, నూనె జిగురైంది, లేదా ఒక చిన్న స్ప్రింగు విరిగింది. అయితే తెలియక విప్పితే రెండు నష్టాలు ఉన్నాయి. ఒకటి, చేతులకూ కళ్ళకూ ప్రమాదం. రెండు, ఎనభై ఏళ్ళు నిలిచిన యంత్రం ఒక్క పూటలో శాశ్వతంగా చెడిపోవడం. ఆ మోటారు ఎట్లా పనిచేస్తుందో, ఏ భాగం ఎందుకు చెడుతుందో, ఏ వరుసలో బాగుచేయాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చేతి తిప్పుడు నుండి స్ప్రింగుకు

థామస్ ఎడిసన్ 1877లో నిర్మించిన మొదటి ఫోనోగ్రాఫులో మోటారు లేదు. తగరపు రేకు చుట్టిన స్తూపాన్ని చేతితోనే తిప్పాలి. మాట్లాడేటప్పుడు ఎంత వేగంతో తిప్పారో వినేటప్పుడూ అంతే వేగంతో తిప్పితేనే మాట మాటగా వినిపిస్తుంది. చేయి తొందరపడితే గొంతు కీచుమంటుంది, మందగిస్తే బొంగురుపోతుంది. 1887లో ఎమిల్ బెర్లినర్ స్తూపానికి బదులు బల్లపరుపు పళ్ళెం వాడే గ్రామఫోనుకు పేటెంటు పొందాడు. ఆ తొలి యంత్రాలకు కూడా చేతి తిప్పుడే ఆధారం. శబ్దాన్ని చెక్కడం సాధ్యమైంది గాని, శ్రుతి నిలవడం సాధ్యం కాలేదు.

ఆ లోపాన్ని సరిదిద్దినవాడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు కామ్డెన్ పట్టణంలో చిన్న యంత్రశాల నడుపుకొంటున్న ఎల్డ్రిడ్జ్ జాన్సన్. 1896లో అతడు బెర్లినర్ గ్రామఫోనుకు తగిన చౌకైన, నమ్మకమైన స్ప్రింగు మోటారును తయారుచేశాడు. ఇళ్ళలో వాడుకొనే వస్తువుగా గ్రామఫోను స్థిరపడింది ఆ తరువాతనే. జాన్సన్ 1901లో విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీని స్థాపించాడు. గ్రామఫోను ముందు చెవులు రిక్కించి కూర్చున్న కుక్కబొమ్మ తెలియని తెలుగువారు అరుదు. ఫ్రాన్సిస్ బరో గీసిన ఆ చిత్రంలో మొదట ఉన్నది ఎడిసన్ ఫోనోగ్రాఫు. 1899లో దానిపై గ్రామఫోనును తిరిగి చిత్రించాడు. ఆ బొమ్మలో పిడితో సహా కనిపించే యంత్రం జాన్సన్ మోటారుతో నడిచే రకమే.

భారతదేశానికి ఈ విద్య త్వరగానే చేరింది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ మొదలైన వారి గానాన్ని రికార్డు చేశాడు. ఆ రికార్డులను అచ్చు పోయడానికి జర్మనీలోని హానోవర్‌కు పంపవలసి వచ్చింది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారం వెలిసింది. అయితే రికార్డులోని ఒక ముఖ్యమైన ముడిసరుకు మొదటినుంచీ భారతదేశానిదే. లాడ్‌బజారు గాజులకు వాడే లక్క ఏ పురుగు స్రవించే జిగురో, గ్రామఫోను రికార్డుకు వాడే షెల్లాకు కూడా అదే పురుగు జిగురు. రాతిపొడిని కలిపి, దానిని పళ్ళెంగా అచ్చొత్తేవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 1942లో అమెరికా షెల్లాకు వాడకంపై ఆంక్షలు విధించడంతో అక్కడ రికార్డుల ఉత్పత్తికి ఇబ్బంది కలిగింది.

మోటారులో ఏమున్నది?

కీ మోటారులో ప్రధానమైనవి మూడు: శక్తిని నిలవచేసే స్ప్రింగు, శక్తిని అందించే పళ్ళచక్రాల వరుస, వేగాన్ని అదుపుచేసే గవర్నరు.

స్ప్రింగు అంటే పొడవైన ఉక్కు పట్టీ. సాధారణంగా అంగుళం దాకా వెడల్పు, అర మిల్లీమీటరు పైచిలుకు మందం, మూడు నాలుగు మీటర్ల పొడవు ఉంటుంది. దానిని చుట్టగా చుట్టి గుండ్రని ఇనుప డబ్బీలో అమరుస్తారు. పట్టీ లోపలి కొనకు ఉన్న రంధ్రం మధ్య ఇరుసుకున్న కొక్కేనికీ, బయటి కొన డబ్బీ గోడకున్న మేకుకూ తగులుకొని ఉంటాయి. పిడి తిప్పినప్పుడు ఆ చుట్ట మధ్య ఇరుసు చుట్టూ బిగుసుకొంటుంది. వెనుకకు జారకుండా ఒక చిన్న నాలుక పళ్ళచక్రాన్ని పట్టి ఉంచుతుంది. పెద్ద యంత్రాలలో ఇటువంటి స్ప్రింగులు రెండు మూడు ఉంటాయి.

బిగిసిన స్ప్రింగు విప్పుకొనేటప్పుడు డబ్బీ చాలా నెమ్మదిగా, కాని గొప్ప బలంతో తిరుగుతుంది. పళ్ళచక్రాలు ఆ బలాన్ని తగ్గించి వేగాన్ని పెంచుతూ పళ్ళెం ఇరుసును నిమిషానికి 78 చుట్ల వేగానికి చేరుస్తాయి. అక్కడినుంచి ఒక మరచుట్టు చక్రం గవర్నరు ఇరుసును మరింత వేగంగా తిప్పుతుంది.

ఇక్కడొక చిక్కు ఉన్నది. నిండుగా కీ ఇచ్చిన స్ప్రింగు ఎక్కువ బలంతో తోస్తుంది; విప్పుకొంటున్న కొద్దీ బలం తగ్గిపోతుంది. అట్లాగే వదిలివేస్తే పాట పరుగుతో మొదలై నడకతో ముగుస్తుంది. దీనికి విరుగుడే గవర్నరు. దాని ఇరుసు చుట్టూ మూడు పలుచని స్ప్రింగు రేకులు, ఒక్కొక్క రేకు నడుమ ఒక లోహపు గుండు ఉంటాయి. రేకుల ఒక కొన ఇరుసుకు బిగించి ఉంటుంది. రెండవ కొన ఇరుసుమీద అటూ ఇటూ జారగల బిళ్ళకు బిగించి ఉంటుంది. ఇరుసు వేగంగా తిరిగినప్పుడు అపకేంద్ర బలం చేత గుండ్లు బయటకు ఉబుకుతాయి, రేకులు విల్లులా వంగుతాయి, బిళ్ళ వాటి వెంట జరుగుతుంది. జరిగిన బిళ్ళ ఒక ఫెల్టు లేక తోలు ముక్కకు ఒరుసుకొంటుంది. ఆ రాపిడి వేగాన్ని తగ్గిస్తుంది. వేగం తగ్గితే గుండ్లు ముడుచుకొని రాపిడి సడలుతుంది. అపకేంద్ర బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, వేగం నూటికి 5 వంతులు పెరిగితే ఆ బలం నూటికి 10 వంతులకు పైగా పెరుగుతుంది. గవర్నరు అంత చురుకుగా స్పందించడానికి కారణం ఇదే.

జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నరుది కూడా ఇదే సూత్రం. కాని ఒక భేదం ఉన్నది. వాట్ గవర్నరు ఆవిరి రాకను తగ్గిస్తుంది, అంటే రాబడినే అదుపు చేస్తుంది. గ్రామఫోను గవర్నరు రాబడి జోలికి పోదు. అవసరానికి మించిన శక్తిని రాపిడిగా, వేడిగా ఖర్చు చేసివేస్తుంది. అందువల్ల స్ప్రింగు బలం రికార్డు చివరి దాకా అవసరానికి కాస్త మించే ఉండాలి. మిగులు లేనినాడు గవర్నరు చేయగలిగింది ఏమీ లేదు.

రికార్డుకు ఎంత శక్తి కావాలో స్థూలంగా లెక్క కట్టవచ్చు. పాత యంత్రంలో ముల్లుపై పడే బరువు 130 గ్రాములనీ, ఘర్షణ గుణకం 0.3 అనీ, ముల్లు సగటున మధ్య నుండి 9 సెంటీమీటర్ల దూరంలో నడుస్తుందనీ అనుకొంటే, ముల్లును ఈడ్వడానికి వాటులో మూడవ వంతు కూడా అక్కరలేదు. మూడు నిమిషాలకు సుమారు 50 జౌళ్ళు. ఐదారు కిలోల నీళ్ళ బిందెను మీటరు ఎత్తుకు లేపిన శ్రమ ఎంతో ఇది అంత. గవర్నరులోనూ చక్రాలలోనూ పోయేది దీనికి అదనం.

వేగం తప్పితే శ్రుతి తప్పుతుంది

వేగంలో కొద్ది తేడా వస్తే ఏమవుతుందన్న సందేహం కలగవచ్చు. సప్తస్వరాలను పన్నెండు స్వరస్థానాలుగా సమంగా పంచితే ఒక్కొక్క మెట్టుకూ కంపనసంఖ్య నూటికి సుమారు 6 వంతులు పెరుగుతుంది. 78 చుట్లు తిరగవలసిన పళ్ళెం 82.6 చుట్లు తిరిగితే గానమంతా ఒక మెట్టు పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో పాడిన గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో పాడినట్లు వినిపిస్తాడు. వేగం 73.6 చుట్లకు పడిపోతే అదే గొంతు ఒక మెట్టు దిగుతుంది. మారేది శ్రుతి ఒక్కటే కాదు. కాలప్రమాణం, గమకపు వేగం, గొంతులోని జీర, చివరకు ఉచ్చారణ కూడా మారిపోతాయి. రాగం తీసి పద్యం పాడిన నటుని అసలు కంఠం ఎట్టిదో తెలుసుకొనడానికి మనుమల తరానికి మిగిలిన ఆధారం ఆ లక్క పళ్ళెం ఒక్కటే అయినప్పుడు, మోటారు వేగాన్ని సరిచేయడం యంత్రానికి చేసే మరమ్మతు మాత్రమే కాదు. ఒక మనిషి గొంతును ఆ మనిషి గొంతుగానే నిలుపుకొనడం.

విప్పకముందే రోగనిర్ణయం

చాలా లోపాలు పెట్టె తెరవకుండానే తెలుస్తాయి.

పిడి ఎంత తిప్పినా బిగువు రాకుండా వదులుగా తిరుగుతూ ఉంటే స్ప్రింగు విరిగిందని గాని, కొన కొక్కెం నుండి ఊడిందని గాని అర్థం. విరిగిన క్షణంలో పెట్టెలో పెద్ద చప్పుడు వినిపించి ఉంటుంది.

కీ నిండుగా ఉండి, పిడి ఇక తిరగకుండా బిగిసి ఉన్నా పళ్ళెం కదలకపోతే “కీ ఎక్కువ ఇచ్చి చెడగొట్టారు” అని పిల్లలను కోప్పడడం ఆనవాయితీ. అది వట్టి అపోహ. నిండుగా కీ ఇచ్చినందువల్ల మోటారు పట్టివేయదు. ఎండిపోయిన నూనె జిగురై ఇరుసులను పట్టుకొంటుంది. లేదా బ్రేకు సడలి ఉండదు. లేదా గవర్నరు ఎక్కడో ఇరుక్కొని ఉంటుంది.

తిరుగుతూ తిరుగుతూ మధ్యలో “దభీ” మని లోపల చప్పుడై పళ్ళెం కుదుపుకు లోనైతే, స్ప్రింగు పొరల మధ్య గ్రీజు గట్టిపడి పొరలు అతుక్కొన్నాయని గ్రహించాలి. అతుక్కొన్న పొరలు ఒక్కసారిగా విడిపోయినప్పుడు వచ్చే చప్పుడు అది.

పాట మొదట బాగుండి చివరకు ఈడిగిలపడితే స్ప్రింగు సత్తువ తగ్గిందని గాని, చక్రాలలో రాపిడి పెరిగిందని గాని భావించాలి. శ్రుతి అలలు అలలుగా ఊగుతూ ఉంటే దోషం గవర్నరుది. రేకులలో ఒకటి విరిగి ఉండవచ్చు, లేదా గుండ్ల సమతూకం తప్పి ఉండవచ్చు.

మొదటి నియమం: స్ప్రింగును నిద్రపుచ్చడం

మరమ్మతులో అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒకటే. కీ పూర్తిగా దిగిపోనిదే ఏ మరనూ వదులు చేయరాదు. బ్రేకు తీసి, పళ్ళెం తనంత తాను ఆగిపోయే వరకూ తిరగనివ్వాలి. ఆగిన తరువాత చేతితో కొద్దిగా తోసి, ఇంకా బలం మిగిలి ఉన్నదేమో చూడాలి.

కీ ఉన్న మోటారు నుండి గవర్నరును విడదీయడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. ఆ బలానికి అడ్డుగా నిలిచినది గవర్నరే. అది తొలగిన క్షణంలో నిమిషాలపాటు ఖర్చు కావలసిన శక్తి క్షణాలలో బయటపడుతుంది. చక్రాలు అదుపులేని వేగంతో తిరిగి పళ్ళు ఊడిపోతాయి. మధ్యలో వేలు ఉంటే వేలికీ అదే గతి. పళ్ళెం కదలకుండా పట్టివేసిన మోటారులో కీ ఉన్నదో లేదో నిశ్చయంగా తెలియకపోతే ఉన్నట్లే భావించి, అనుభవం గలవారికి అప్పగించడం మేలు.

కీ దిగిన పిమ్మట పళ్ళాన్ని నిటారుగా పైకి లాగి తీయాలి. పిడిని ఎదురుదిశకు తిప్పి విడదీయాలి. తరువాత మోటారు పలకను పట్టి ఉన్న మరలు విప్పి మోటారును బయటకు తీయవచ్చు. ప్రతి దశలోనూ ఫోటో తీసుకొని, ఊడదీసిన మరలను వరుస తప్పకుండా వేరువేరు గిన్నెలలో ఉంచుకొంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకొనే పని ఉండదు. మరల తలలు చెడిపోకుండా గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరునే వాడాలి.

గవర్నరుకు చికిత్స

మోటారులో అతి సున్నితమైన భాగం కనుక ముందుగా గవర్నరును తీసి భద్రపరచాలి. మూడు రేకులనూ వెలుతురులో పరీక్షించాలి. ఒక్కటి విరిగినా, చీలిక కనిపించినా మూడింటినీ ఒకే జట్టుగా మార్చడం మంచిది. మందంలోనో పొడవులోనో ఏ మాత్రం తేడా ఉన్నా గుండ్లు సమంగా ఉబకవు. ఊగిసలాట తిరిగి మొదలవుతుంది. రేకును మెలిపెట్టి బిగించకూడదు. మూడు గుండ్లూ ఇరుసుకు సమాన దూరంలో ఉన్నాయో లేదో నిదానించి చూడాలి.

జారవలసిన బిళ్ళ ఇరుసుమీద నిజంగా జారుతున్నదా అన్నది తరువాతి పరీక్ష. చాలా యంత్రాలలో అక్కడి నూనె గట్టిపడి బిళ్ళ కదలక, వేగం అదుపు తప్పుతుంది. కిరసనాయిలుతో తుడిచి, పలుచని నూనె ఒక చుక్క వేస్తే చాలు. ఒరుసుకొనే ఫెల్టు ఎండి రాయి అయి ఉంటే మార్చాలి. కొత్త ఫెల్టును కూడా నూనెలో తడిపే వాడాలి. పొడి ఫెల్టు కిచకిచలాడుతుంది, బిళ్ళను పట్టి పట్టి వదులుతుంది.

తిరిగి అమర్చేటప్పుడు గవర్నరు ఇరుసు రెండు కొనలనూ మరీ బిగించకూడదు, మరీ వదులుగానూ ఉంచకూడదు. వేలితో కదిపితే ఉందా లేదా అన్నంత కదలిక మాత్రమే ఉండాలి.

స్ప్రింగుకు చికిత్స

చక్రాలను కిరసనాయిలులో నానబెట్టి, మెత్తని కుంచెతో పళ్ళ సందులు శుభ్రం చేసి, బాగా ఆరబెట్టాలి. ఇరుసులు కూర్చునే రంధ్రాలలోని జిగురును సన్నని పుల్లతో తీయాలి. ఇంతవరకూ ఓపిక ఉన్నవారెవరైనా చేయగల పని. స్ప్రింగు డబ్బీ సంగతి వేరు.

కీ పూర్తిగా దిగినా డబ్బీలోని స్ప్రింగు విశ్రాంతి స్థితిలో ఉండదు. మీటర్ల కొద్దీ పొడవైన ఉక్కు పట్టీని పిడికిలిలో పట్టే డబ్బీలో కుక్కి ఉంచారు కనుక, అది ఎప్పుడూ గోడలను బయటకు తోస్తూనే ఉంటుంది. మూత తీసి, అజాగ్రత్తగా చుట్టను బయటకు లాగితే కత్తిలాంటి అంచులతో ఎగసి పడుతుంది. కళ్ళద్దాలు, దళసరి తోలు చేతితొడుగులు లేకుండా ఈ పనికి పూనుకోరాదు. పిల్లలను దగ్గర ఉండనివ్వకూడదు. చేసేవారు డబ్బీని గట్టిగా అదిమి పట్టి, లోపలి కొన నుండి మొదలుపెట్టి, ఒక్కొక్క చుట్టునే నిదానంగా బయటకు వదులుతారు.

బయటకు వచ్చిన పట్టీ తన కథ తానే చెబుతుంది. సత్తువ ఉన్న స్ప్రింగు వదిలిన వెంటనే పెద్ద వలయాలుగా విచ్చుకొంటుంది. అలసిపోయిన స్ప్రింగు బయటకు వచ్చిన తరువాత కూడా చిన్న చుట్టగానే ముడుచుకొని ఉంటుంది. తుప్పు లోతుగా తిన్నచోట, చీలిక కనిపించినచోట ముందోవెనుకో విరగడం ఖాయం. విరుగుడు మధ్యలో ఉంటే స్ప్రింగును మార్చవలసిందే. కొన దగ్గర విరిగితే ఆ కొనను మాత్రం ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లారనిచ్చి, మెత్తబడిన ఉక్కుకు కొత్త రంధ్రం వేసే పద్ధతి ఉన్నది. పట్టీ కొన్ని సెంటీమీటర్లు తగ్గినా పని జరుగుతుంది. అయితే కాల్చేటప్పుడు వేడి మిగతా భాగానికి పాకితే ఆ మేరకు స్ప్రింగు తన గుణాన్ని కోల్పోతుంది. ఉక్కును గట్టిదనంతో పాటు వంగే గుణం గలదిగా చేసినది కర్మాగారంలో దానికి ఇచ్చిన వేడి, చల్లదనాల లెక్కే. ఆ లెక్క చెడితే తిరిగి రాదు.

పాత గ్రీజు నల్లగా, తారులా గట్టిపడి ఉంటుంది. పట్టీ పొడవునా కిరసనాయిలుతో తుడిచి, గ్రాఫైటు కలిపిన గ్రీజును పలుచగా పూయాలి. గ్రాఫైటు పొరలు పొరలుగా జారే పదార్థం. గ్రీజు పలుచబడినా ఉక్కు పొరల మధ్య అది నిలిచి ఉంటుంది. వంటింటి నూనెలు ఎన్నటికీ వాడరాదు. అవి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడే గుణం కలవి. కొద్ది కాలానికే కొత్త జిగురును తయారుచేస్తాయి.

స్ప్రింగును తిరిగి డబ్బీలో పెట్టేటప్పుడు బయటి కొనను మేకుకు తగిలించి, మునుపు ఉన్న దిశలోనే ఒక్కొక్క చుట్టుగా లోపలికి తోస్తూ పోవాలి. దిశ తారుమారైతే పిడి తిప్పినప్పుడు స్ప్రింగు బిగుసుకోదు.

నయం కాని తెగులు

కొన్ని పాత యంత్రాలలో మోటారు చట్రం, గవర్నరు ఆధారాలు, ముల్లు చేయి వంటి భాగాలను ఇత్తడితో గాక యశదం ప్రధానంగా ఉన్న మిశ్రలోహంతో పోతపోశారు. ఆనాటి యశదంలో సీసం వంటి మలినాలు ఉండేవి. తేమ తగిలినకొద్దీ లోహపు రేణువుల అంచులు లోలోపలే క్షయించి, భాగం ఉబ్బి, బీటలు వారి, చివరకు బిస్కట్టులా పొడి అవుతుంది. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ అతి శుద్ధమైన యశదంతో కొత్త మిశ్రలోహాలను ప్రవేశపెట్టిన తరువాత ఈ బెడద క్రమంగా తగ్గింది. బీటలు కనిపించిన భాగాన్ని సుత్తితో తట్టడం, బలంగా మర బిగించడం చేయకూడదు. ఈ తెగులుకు మందు లేదు. భాగాన్ని మార్చడమొక్కటే మార్గం.

కొనేవారికి మరొక హెచ్చరిక అవసరం. మెరిసే ఇత్తడి బాకాతో, కుక్కబొమ్మ అతికించిన పెట్టెతో భారతదేశపు బజారులలో అమ్ముడయ్యే “పురాతన” గ్రామఫోనులలో అనేకం ఇటీవల కూర్చినవే. పాత చేతిపెట్టె గ్రామఫోనునుండి ఊడదీసిన మోటారును కొత్త పెట్టెలో బిగించి ఉంటారు. అలంకారానికి అవి చాలు గాని, పురాతన వస్తువు ధర పెట్టదగినవి కావు.

వేగాన్ని సరిచూడడం

అన్నీ బిగించి, ముందు నాలుగైదు చుట్లు మాత్రమే కీ ఇచ్చి చూడాలి. చప్పుడు, కుదుపు లేవని తేలిన తరువాత నిండుగా కీ ఇవ్వవచ్చు. రికార్డు అంచున చిన్న కాగితపు ముక్కను అంటించి, ముల్లు ఆనించి పాట నడుస్తూ ఉండగానే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో లెక్కించాలి. ముల్లు లేని పళ్ళెం వేగం వేరు, ముల్లు బరువు మోసే పళ్ళెం వేగం వేరు. వేగాన్ని మార్చే మీట ఫెల్టును బిళ్ళకు దగ్గరగా గాని దూరంగా గాని జరుపుతుంది.

ఇంకా సూక్ష్మమైన పద్ధతి గీతల పళ్ళెం. ఇంటి కరెంటుతో వెలిగే నియాన్ దీపం అమెరికాలో సెకనుకు 120 సార్లు మినుకుమంటుంది, ఎందుకంటే అక్కడి విద్యుత్తు 60 ఆవృత్తులది. కాగితపు పళ్ళెం చుట్టూ 92 గీతలు సమంగా గీసి ఆ వెలుగులో తిప్పితే, నిమిషానికి 78.26 చుట్ల వేగంలో గీతలు కదలకుండా నిలిచినట్లు కనిపిస్తాయి. భారతదేశం, బ్రిటన్, మలేషియా, మారిషస్, దక్షిణాఫ్రికా, దుబాయి మొదలైన చోట్ల విద్యుత్తు 50 ఆవృత్తులది. అక్కడ 77 గీతలు గీయాలి. గీతలు నిలిచే వేగం 77.92. ఒక దేశపు పళ్ళెం మరొక దేశంలో వాడితే లెక్క తప్పుతుంది. సౌదీ అరేబియాలో 60 ఆవృత్తులు కనుక గల్ఫు దేశాలన్నిటికీ ఒకే పళ్ళెం పనికిరాదు. కొన్ని కొత్త ఎల్.ఇ.డి. దీపాలు మినుకుమనవు, వాటి కింద గీతలు ఎప్పటికీ నిలవవు. బడిపిల్లలు ఇంట్లోనే చేయదగిన చక్కని ప్రయోగం ఇది.

మరొక మాట. 78 అనే సంఖ్య విద్యుత్ రికార్డింగు వచ్చిన 1925 తరువాతనే స్థిరపడింది. అంతకు పూర్వపు రికార్డులు 70 మొదలు 80 పైచిలుకు దాకా రకరకాల వేగాలలో తయారయ్యాయి. వాటి సరైన వేగాన్ని నిర్ణయించడానికి సంగీతజ్ఞానం గల చెవి అవసరం. నేపథ్యంలోని హార్మోనియం శ్రుతి ఏదో పోల్చుకొంటే సగం పని అయినట్లే.

బాగుపడిన యంత్రం, అరిగే రికార్డు

మోటారు బాగుపడింది. ఇంట్లో అపురూపంగా దాచిన రికార్డును వెంటనే వేసి వినాలన్న ఉత్సాహం సహజం. అక్కడే ఒక్క క్షణం ఆగాలి.

కీ గ్రామఫోనులో శబ్దాన్ని పెంచే విద్యుత్తు లేదు. గాడిలోని కదలికే ముల్లు ద్వారా రేకును కదిపి శబ్దమవుతుంది. అందుకోసమే ముల్లుపై వంద గ్రాములకు మించిన బరువు ఉంటుంది. రికార్డులోని రాతిపొడి ఉక్కు ముల్లును అరగదీస్తుంది. అరిగిన ముల్లు తిరిగి గాడిని కోస్తుంది. ఒక పక్కకు ఒక ముల్లు చొప్పున మార్చాలన్న నియమం ఇందుకే. ఖర్చుకు వెనుకాడి ఒకే ముల్లుతో పది పక్కలు వేసిన ఇళ్ళలో రికార్డులు బూడిదరంగుకు తిరిగి, పాటకంటె గరగర ఎక్కువై మిగిలాయి. కొత్త ముల్లు వేసినా ప్రతిసారీ కొంత అరుగుదల తప్పదు. 33, 45 వేగాల ప్లాస్టిక్ రికార్డులను ఈ యంత్రంపై పెడితే ఒక్కసారికే గాడి పాడవుతుంది.

విద్యుత్ యంత్రాలపై ముల్లు బరువు కొద్ది గ్రాములే. ఆ యంత్రాలకు 78 వేగపు రికార్డుల కోసం అంగుళంలో వెయ్యింట మూడు వంతుల వ్యాసార్ధం గల ప్రత్యేకమైన ముల్లు దొరుకుతుంది. కనుక మరొక ప్రతి దొరకని రికార్డును, పూర్వీకుల గొంతు ఉన్న రికార్డును ముందుగా అటువంటి తేలిక ముల్లుతో, సరైన వేగంలో కంప్యూటరులోకి ఎక్కించి, ఒకటికి రెండు ప్రతులు వేరువేరు చోట్ల భద్రపరచాలి. ఎక్కించిన తేదీ, వాడిన వేగం, రికార్డు మధ్య చీటీపై ఉన్న సంఖ్య కూడా వ్రాసి ఉంచితే రేపు పరిశోధించేవారికి పనికివస్తుంది. ఆ తరువాత ఆ రికార్డుకు విశ్రాంతి ఇవ్వాలి. కీ గ్రామఫోనుపై వేయడానికి విరివిగా దొరికే సాధారణ రికార్డులు చాలు. భారతదేశంలో 78 వేగపు రికార్డులు 1960 దశకంలో కూడా తయారైనందువల్ల పాత సామాను దుకాణాలలో వాటికి ఇప్పటికీ కరువు లేదు.

మరమ్మతు చేసిన యంత్రాన్ని వాడకుండా ఉంచడమూ మంచిది కాదు. నెలకొకసారైనా కీ ఇచ్చి తిప్పితే గ్రీజు పొరలలో సమంగా పాకుతుంది. విని ముగించిన తరువాత కీ పూర్తిగా దిగనిచ్చి మూత వేయాలి. నెలల తరబడి బిగిసి ఉన్న స్ప్రింగు క్రమంగా సత్తువ కోల్పోతుంది. ఏటికొకసారి ఇరుసులకు ఒక్కొక్క చుక్క నూనె, గవర్నరు ఫెల్టుకు ఒక చుక్క. ఇంతకు మించి అది ఏమీ కోరదు. ఈ మాత్రం శ్రద్ధ పెడితే, తాత తిప్పిన పిడినే మనుమరాలూ తిప్పి, తాను తిప్పిన బలంతోనే పాట వస్తున్నదని తెలుసుకొనే వీలు ఇంకొక రెండు మూడు తరాలకు ఉంటుంది.